కుడి పక్క బ్రాకెట్

మామాకు నడుం దెబ్బ తగిలింది నా వల్లేనని ఆ ఇంట్లో అందరూ నాలుగు నెలలు నమ్మారు. మామా అంటే మా కఫీల్ తల్లి. కఫీల్ అంటే మా వీసా చేతిలో ఉన్న యజమాని. డెబ్బై దాటిన మనిషి. కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్ అనే పేటలో, వాళ్ళింట్లో పనిచేసే వాళ్ళమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. ఆ నాలుగు నెలలూ ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చిన డ్రైవర్ని నేనే. ఆమె వెనక సీట్లో నడుం కింద దిండు పెట్టుకుని కూర్చునేది. వీధిలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "షువై, షువై" అనేది, మెల్లగా, మెల్లగా అని. ఆ మాటలో నొప్పి ఎంత ఉండేదో నా మీద కోపం అంతకంటే ఎక్కువ ఉండేది. దెబ్బ నా వల్ల తగల్లేదు. ఆ సంగతి నాకూ, ఇంకొకాయనకూ మాత్రమే తెలుసు అనుకునేవాణ్ణి. అందులో కూడా పొరపడ్డాను.

మా ఊళ్ళో, జగిత్యాల దగ్గర, నేను గేట్లు, కిటికీ గ్రిల్స్ వెల్డింగ్ చేసేవాణ్ణి. కువైట్‌కి మాత్రం ఇంటి డ్రైవర్ వీసా మీద వచ్చాను. దొరికిన మొదటి ఇల్లు మంచిది కాదు. కారు నడపడం తక్కువ, గొర్రెలకు మేత వేయడం, నీళ్ళ ట్యాంకులు కడగడం ఎక్కువ. వంటవాడు పెడితే తిండి, లేకపోతే ఖుబ్జు రొట్టె, పెరుగు. ఒకరోజు వాళ్ళ ఇనుప గేటు కీలు ఊడిపోయింది. పక్క వీధిలో ఒక తెలుగాయన దగ్గర వెల్డింగ్ మిషను ఉందని విని వెళ్ళి అడిగాను. మిషనుతో పాటు ఆయన కూడా వచ్చాడు. నేను పని చేస్తుంటే చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఏమబ్బా, ఇది గొర్రెలు మేపే చెయ్యి కాదే. యాడ నేర్చినావు?" అన్నాడు.

ఆయన్ని నేను ఆ రోజు నుంచే అన్న అన్నాను. రాయచోటి వైపు మనిషి. కువైట్‌కి వచ్చి ముప్పై ఏళ్ళు. అంతకాలమూ ఒకే ఇంట్లో, ఒకే కుటుంబం దగ్గర మెకానిక్. మూడు నెలల పాటు తన కఫీల్ వెంటపడి, ఆయన చేత అప్పటి నా కఫీల్‌కి ఫోన్లు చేయించి నాకు రిలీజ్, అంటే ఇల్లు మారే అనుమతి, ఇప్పించాడు. నా ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కొత్త ఇంటి పేరు మీదికి మారిన రోజు, నా సంచి తనే మోసుకుని నన్ను సులైబియా షెడ్డుకు తీసుకెళ్ళాడు. అన్న లేకపోతే నేను ఆ గొర్రెల దగ్గరే ఉండేవాణ్ణి. ఇది ముందు చెప్పకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు.

షెడ్డు అన్న కఫీల్‌ది, ఇప్పుడు నాకూ ఆయనే కఫీల్. చుట్టూ గోదాములు, పాత ఇనుము యార్డులు, వెనక మాకు ఒక గది. ఆయనకు నలభై ఐదేళ్ళుంటాయి. ఆఫీసు ఉద్యోగం. పాత కార్లంటే పిచ్చి. ఆయన్ని మేం బాబా అని పిలిచేవాళ్ళం. గురు, శుక్రవారాలు వచ్చి మాతో పాటు చేతులకు గ్రీజు పూసుకునేవాడు. మాతో హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడేవాడు. షెడ్డులో నాలుగు కార్లున్నా ఆయన మనసంతా ఒక్క దాని మీదే ఉండేది. రెండే సీట్ల ఎర్రటి స్పోర్ట్స్ కారు. ఆయన తండ్రి పెళ్ళయిన కొత్తలో కొన్నది. తండ్రి పోయాక ఏళ్ళ తరబడి తోటలో టార్పాలిన్ కింద పడి ఉండి, రంగు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది.

నేను వచ్చేసరికే అన్న ఇంజన్ విప్పి కట్టేశాడు. స్టార్ట్ చేస్తే కుట్టుమిషనులా ఆడేది. తంటా అంతా వెనక భాగంతోనే. చూడ్డానికి స్పోర్ట్స్ కారు గానీ, వెనక చక్రాల దగ్గర అది ఎడ్లబండికి దగ్గరి చుట్టం. లారీలకున్నట్టు కమాన్ పట్టీలు. రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు. ఒక చక్రం గుంటలో పడితే రెండోది కూడా ఎగిరేది. షాకబ్జర్లలో నూనె ఎప్పుడో కారిపోయింది.

ఒక శుక్రవారం మామా షెడ్డుకు వచ్చింది. కారు తలుపు మీద చెయ్యి వేసి నవ్వింది. "పెళ్ళయిన వారానికి మీ నాన్న నన్ను ఇందులో ఎక్కించుకున్నాడు. సముద్రం దాకా వెళ్ళొచ్చేసరికి నా నడుం నాది కాదు. మళ్ళీ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నా," అంది కొడుకుతో.

ఆ మాట బాబా పట్టుకున్నాడు. "వెనక భాగం మెత్తగా చెయ్యండి. టీ గ్లాసు చేతిలో పెట్టుకుని కూర్చున్నా తొణకకూడదు. మా అమ్మ ఈ కారు ఎక్కాలి. అంతే," అన్నాడు మాతో.

విదేశం నుంచి పెద్ద అట్టపెట్టె తెప్పించాడు. పాత పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు, వాటి లోపల కొత్తరకం షాకబ్జర్లు పెట్టాలి. పట్టీలు పోతే ఇరుసును పట్టి ఉంచేదేమీ ఉండదు కాబట్టి, పక్కకు రెండేసి చొప్పున ఇనుప చేతులు బిగించాలి. ఆ చేతులు వచ్చి ఆనేది బ్రాకెట్ల మీద. బ్రాకెట్లను చాసీకి వెల్డింగ్ చేయాలి. పెట్టె విప్పి చూస్తే బ్రాకెట్లు కుదరలేదు. అవి ఆ తర్వాత వచ్చిన మోడల్‌కి చేసినవి. మా కారు చాసీ అక్కడ రెండు వేళ్ళు సన్నం. బాబా ముఖం మాడిపోయింది. "ఖలాస్, అయిపోయింది, తిప్పి పంపేద్దాం," అన్నాడు.

"వద్దు బాబా, నాకు మూడు రోజులు ఇవ్వండి," అన్నాను.

ఆ అట్టపెట్టెనే కత్తిరించి, కారు కింద పడుకుని కొలతలు చూసుకుంటూ అట్ట ముక్కలతో బ్రాకెట్ ఆకారాలు తయారుచేశాను. ఒకటి సరిపోతే ఇంకొకటి తగిలేది. పదకొండో అట్టకి కుదిరింది. ఆ అచ్చు పెట్టి మందపాటి ప్లేటు కోశాను. నాకు చదువు పదో తరగతితో ఆగింది. కానీ ఆ మూడు రోజుల్లో, ఇరుసు పైకి లేచినప్పుడు చేతులు ఏ కోణంలో కదులుతాయో కళ్ళు మూసుకున్నా కనిపించేది. బ్రాకెట్ పెట్టి చూపిస్తే బాబా దాన్ని అటూ ఇటూ తిప్పి "జైన్, వల్లా జైన్," అన్నాడు, చాలా బాగుందని. అన్న నా వీపు మీద చరిచి, "సూడు బాబా, మావోడు," అన్నాడు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో ఇప్పటికీ గుర్తు.

నాది ఎడమ చేతి వాటం. ఇంజన్ పని అన్నది, వెల్డింగ్ పని నాది, అలా పంచుకున్నాం. చలికాలం మొదలై, ఊరి బయట ఎడారిలో జనం గుడారాలు వేసుకుంటున్న రోజులు. ఒక బుధవారం ఎడమ పక్క బ్రాకెట్ వెల్డింగ్ పూర్తిచేశాను. గురువారం కుడి పక్క చేయాలి. తెల్లారగానే బాబా ఫోన్ చేశాడు. ఇంట్లో పనిచేసే అమ్మాయి ఊరికి వెళుతోంది, ఇంటి డ్రైవర్ రెండు రోజుల కింద పని వదిలి వెళ్ళిపోయాడు, నువ్వు వచ్చి ఆమెను ఎయిర్‌పోర్టులో దింపు అని. వెళ్ళాను. ఆమె పెట్టెల బరువు దగ్గర గొడవ, తీసేసిన సామాను మళ్ళీ ఇంటికి చేర్చడం, ట్రాఫిక్. నేను షెడ్డుకు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కుడి బ్రాకెట్ వెల్డింగ్ అయిపోయింది. దాని మీద నల్ల రంగు కూడా కొట్టేశారు.

"నేనచ్చి జేద్దును గదనే, గింత తొందరేముండె?" అన్నాను.

"బాబా వచ్చి పోయినాడురా. రేప్పొద్దున్నే మామాను ఎక్కించుకోని పోతాడంట. ఎట్ల ఆగేది? నేనే ఏసేసినా," అన్నాడు అన్న.

వేలు పెడితే రంగు అంటుకుంది. ఆ రంగు గీకి కింద ఏముందో చూడాల్సింది. చూడలేదు. చూస్తే అన్నని అనుమానించినట్టు ఉంటుందని అనిపించింది. మిగతా బోల్టులన్నీ ఇద్దరం కలిసి బిగించాం. షెడ్డు ముందు ఒక చుట్టు తిప్పి చూశాం. కారు పడవలా కదిలింది.

శుక్రవారం ఉదయం మామా వచ్చింది. ఒంటి నిండా కప్పుకున్న నల్లటి అబాయా అంచు తలుపులో పడకుండా బాబా తనే సర్ది కూర్చోబెట్టాడు. చిన్నపిల్లలా నవ్వుకుంటూ వెళ్ళారు. ముప్పావు గంటకు ఫోన్ వచ్చింది. సముద్రం పక్క రోడ్డు నుంచి తిరిగొస్తూ స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే వెనక కుడి వైపు ఏదో తెగిన చప్పుడైందట. ఇరుసు పక్కకు జరిగి కారు గిర్రున తిరిగి ఫుట్‌పాత్ ఎక్కి ఆగింది. బాబాకు ఏమీ కాలేదు. మామా లేవలేకపోయింది. నడుం దగ్గర ఎముక చిట్లిందని ఆసుపత్రిలో చెప్పారు.

మధ్యాహ్నానికి కారును లారీ మీద వేసుకొచ్చి షెడ్డులో దింపారు. జాకీ మీద లేపి, లైటు పట్టుకుని నేను కిందికి దూరాను. కుడి బ్రాకెట్ ఊడి వేలాడుతోంది. రంగు పెచ్చు లేచిన చోట వెల్డింగ్ కనిపిస్తోంది. తుప్పు గీకకుండా వేసిన వెల్డింగ్. లోపలి ఇనుమును పట్టలేదు, పైన మైనంలా కూర్చుంది అంతే. మంచి వెల్డింగ్ మీద చేప పొలుసుల్లా వరసగా అలలు ఉంటాయి. ఎడమ చేత్తో చేసేవాడి పొలుసులు ఒక పక్కకు తిరిగి ఉంటే, కుడి చేత్తో చేసేవాడివి ఇంకో పక్కకు తిరిగి ఉంటాయి. ఎడమ బ్రాకెట్ మీద ఉన్నవి నావి. చెక్కుచెదరలేదు. ఊడిన దాని మీద ఉన్నవి ఇంకో పక్కకు, కుడి చేతివాటం వాళ్ళవిలా తిరిగి ఉన్నాయి. అవి కూడా సరిగా లేవు, తాగినవాడి రాతలా అడ్డదిడ్డంగా.

కారు కింద అలాగే కాసేపు పడుకున్నాను. అప్పుడు నేను ఆలోచించింది ఒక్కటే, అన్నను ఎలా కాపాడాలి అని. పాత చాసీ కదా, లోపల ఇనుము తుప్పు పట్టి బలం పోయింది, ఎవరు చేసినా ఊడేది అని చెప్దామనుకున్నాను. హిందీలో ఆ మాటలు మనసులో పేర్చుకుని బయటికి వచ్చాను.

బాబా ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి నిలబడి ఉన్నాడు. తెల్ల దిష్‌దాషా అంగీ మీద మట్టి. "ఈ వెల్డింగ్ ఎవరు చేశారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అన్న చెయ్యెత్తి నన్ను చూపించాడు. "ఇసనే," అన్నాడు. ఇతనే.

చేతిలో లైటు ఇంకా వెలుగుతోంది. అన్న వైపు చూశాను. ఆయన కారు చక్రం వైపు చూస్తున్నాడు. ఇప్పుడు సర్దుకుంటాడు, పొరపాటున నోరు జారింది అంటాడు అని ఎదురుచూశాను. బాబా అరబ్బీలో ఏమేం తిట్టాడో అన్నీ అర్థం కాలేదు. మా అమ్మ, నా తల్లి అన్న మాటలు మాత్రం మళ్ళీ మళ్ళీ వినిపించాయి. నేను కాదు అని ఎందుకు అనలేదని తర్వాత చాలామంది అడిగారు. అన్న కోసం తయారుచేసుకున్న అబద్ధం నోట్లోనే ఉండగా నా నిజం ఎక్కడి నుంచి వస్తుంది?

"నువ్వు ఇక కార్ల మీద చెయ్యి వెయ్యొద్దు. రేపటి నుంచి ఇంటి డ్రైవర్‌వి. మా అమ్మను ఆసుపత్రికి నువ్వే తిప్పు, నువ్వు చేసింది రోజూ చూడు," అన్నాడు బాబా.

ఆయన వెళ్ళాక అన్న గదిలోకి వచ్చి నా పక్కన మంచం మీద కూర్చున్నాడు. "రెండు దినాలు ఓర్సుకోరా. ఆయప్ప కోపం దిగినాక నేనే సెప్తా, నేనేసిన వెల్డింగే అని. నా మీద నమ్మకం లేదా నీకు?"

"ఉన్నదే అన్నా," అన్నాను. ఉండేది కూడా.

మరుసటి రోజే నన్ను ముబారక్ అల్ కబీర్ ఇంటికి మార్చారు. వాకిలి పక్కన డ్రైవర్ గది. మామా మూడు వారాలు మంచం దిగలేదు. తర్వాత వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించడానికి ఆసుపత్రికి. కారు ఎక్కేటప్పుడు ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునేది. నా చెయ్యి మాత్రం పట్టుకునేది కాదు. మొదటి నెలలో ఒకసారి, ఆరో రింగు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా, వెనక నుంచి అడిగింది: "ఆ పని చేసేటప్పుడు ఫోన్లో మాట్లాడుతున్నావా?"

"లేదు మామా."

"మరి లేష్? ఎందుకు అంత అజాగ్రత్త? మీ అమ్మ అయితే అలా చేస్తావా?"

అద్దంలో ఆమె ముఖం చూడలేక సిగ్నల్ వైపు చూశాను. వంటింట్లో పనిచేసే కడప ఆమె కూడా నాకు టీ ఇచ్చేటప్పుడు గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళేది, చేతికి ఇచ్చేది కాదు. ఆ ఇంట్లో మామా అంటే అందరికీ ప్రాణం.

రెండు రోజులు వారమైంది. వారం నెలైంది. ప్రతి శుక్రవారం అన్నకు ఫోన్ చేసేవాణ్ణి. మొదట్లో "ఈ వారం సెప్తాలే" అనేవాడు. తర్వాత ఆ ఊసే ఎత్తడం మానేశాడు. వంట ఏం చేశావు, ఊరికి ఫోన్ చేశావా అని అడిగేవాడు. ఎయిర్‌పోర్టుకు నన్ను పంపింది బాబానే కదా, ఆ సంగతి ఆయనకు గుర్తొస్తే చాలు కదా అని నాకు అప్పుడప్పుడూ తట్టేది. తల్లి దెబ్బతిన్న కంగారులో మర్చిపోయాడేమో అనుకునేవాణ్ణి.

మూడో నెలలో మామా మందుల చీటీ ఏదో బాబాకు అందించడానికి సులైబియా వెళ్ళాను. షెడ్డు ముందు ఐదారు పాత కార్లు. వాటి యజమానులు, కువైటీలు, మా ఎర్ర కారు చుట్టూ నిలబడి ఉన్నారు. కారును జాకీల మీద లేపారు. బ్రాకెట్ ఎవరో బయటి వెల్డర్ వచ్చి అతికించిపోయాడని తెలిసింది. అన్న నా అట్ట అచ్చులు చేతిలో పట్టుకుని వాళ్ళకు చూపిస్తున్నాడు. ఏ కోణం ఎందుకు పెట్టిందీ చెబుతున్నాడు. సగం తప్పు చెబుతున్నాడు. "దిమాగ్!" అని ఒకాయన అన్న తల మీద వేలు పెట్టి నవ్వాడు. అన్న కూడా నవ్వాడు. నన్ను చూశాడు. చూసి, అచ్చులను గోడకేసి బోర్లా పెట్టాడు.

వాళ్ళు వెళ్ళేదాకా ఆగాను. అన్న టీ పోస్తుంటే గది గుమ్మంలో నిలబడ్డాను. టీ గ్లాసులో పడలేదు. గ్లాసు పక్కన బల్ల మీద పడింది. ఆయన తడుముకుని గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు.

"కండ్లు గనిపిస్తలేవా నీకు?" అన్నాను.

ఆయన టీ గిన్నె కింద పెట్టాడు. "రెండేండ్లాయరా. కుడి కన్నయితే పొగ మాదిరి ఉండాది. బోల్టులు చేత్తో తడుముకోని బిగిస్తాండా. ఎవురికీ సెప్పల్యా."

"నాకు గూడ చెప్పకపోతివి."

"సెప్తే ఏమైతాది? బాబా చెవిన పడితే టికెట్ చేతిలో పెట్టి పంపిచ్చేస్తాడు. ఈ వయసులో కన్ను లేని మెకానిక్‌ను ఎవుడు పెట్టుకుంటాడు?"

"మరి నన్నెందుకు చూపిచ్చినవ్?"

అప్పుడు తలెత్తి, నేనున్న వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "నీకు లైసెన్సు ఉండాది. ఇంటికాడ డ్రైవర్ లేడు. నిన్ను ఆడికి మారుస్తాడు గానీ ఊరికి పంపడు. నన్నయితే పంపుతాడు. ఆ ఒక్క నిమిషంలో అంతా లెక్కేసుకున్నా. తప్పేరా. అయినా లెక్క తప్పలేదు గదా."

నాకు కోపం వచ్చింది ఆ లెక్కకు కాదు. "నన్ను అడుగుతే నేనే మీదేసుకుందును గదనే అన్నా," అన్నాను. "కారు కింద నీకోసమే అబద్ధం పేర్చుకుంట పండుకున్న. ఒక్క మాట అడిగితే అయిపోవు. అడగకుంట నన్ను అమ్మినవ్."

అన్న ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. ఆ రోజు ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు రోడ్డు పక్కన రెండుసార్లు కారు ఆపాల్సి వచ్చింది.

నెల తిరక్కముందే అన్న కళ్ళ సంగతి దాగలేదు. షెడ్డులో జాకీ తన్నుకుని పడ్డాడు. బాబానే టికెట్ కొని, ఊళ్ళో ఆపరేషన్ చేయించుకోమని పంపించాడు. వెళ్ళేముందు అన్న నాకు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

ఆ తర్వాతి శుక్రవారం బాబా నన్ను షెడ్డుకు పిలిచాడు. బయటి వెల్డర్ వేసిన కుడి బ్రాకెట్ మీద మళ్ళీ సన్నటి గీత కనిపించిందట. "నువ్వే చెయ్యి. నీది బాగుంటుంది," అన్నాడు, ఏమీ జరగనట్టు.

"నాది బాగాలేదనే కదా బాబా నన్ను ఇక్కడి నుంచి తీసేశారు?"

ఆయన సిగరెట్ వెలిగించుకున్నాడు. "షూఫ్, చూడు, ఆ గురువారం నిన్ను ఎయిర్‌పోర్టుకు పంపింది నేనే కదా. నేను పొద్దున ఇక్కడికి వచ్చి వెళ్ళేటప్పుడు వెల్డింగ్‌కి కారు కింద దూరింది అతనే. నాకు తెలుసు."

వినపడిందా లేదా అని నాకే సందేహం వచ్చింది. "ముందు నుంచీ తెలుసా?"

"తెలుసు. కానీ అతను ముప్పై ఏళ్ళ మనిషి. మా నాన్న తెచ్చిన మనిషి. నాకు కారు నడపడం నేర్పింది అతనే. అతనే చేశాడని అమ్మతో ఎలా చెప్పను? నిన్ను చూపించాడు, సరే అనుకున్నా. ఇంటికి డ్రైవర్ కూడా కావలసి వచ్చాడు. నీకు వచ్చిన నష్టం ఏముంది? ఇఖామా ఉంది, గది ఉంది. మాఫీ ముష్కిల్, ఇబ్బందేమీ లేదు."

అన్న అబద్ధం చెప్పినప్పుడు భయపడ్డాడు, నా ముఖం చూడలేకపోయాడు. ఈయన భయం లేకుండా, సిగరెట్ పొగ వదులుతూ చెప్పాడు. మా అమ్మ అని ఆ రోజు అరిచిన అరుపులన్నీ నిజం తెలిసే అరిచాడు.

అయినా కారు కిందికి దూరాను. ఆ చెడ్డ అతుకు అక్కడ ఉండగా కారు రోడ్డెక్కడం నాకు ఇష్టం లేకపోయింది. పాత వెల్డింగ్ అంతా గ్రైండర్‌తో కోసి, చాసీని మెరిసేదాకా గీకి, కొత్త ప్లేటు పెట్టి అతికించాను. రంగు వేయలేదు. ఎవరు చూసినా కనిపించాలని అలాగే వదిలేశాను. వచ్చి బాబాతో, నాకు రిలీజ్ కావాలి అన్నాను. "లేష్?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోతూ. "చూద్దాంలే," అన్నాడు.

మరుసటి వారం ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుండగా మామాతో చెప్పేశాను. నా అరబ్బీ అంతంత మాత్రం. చిన్న చిన్న మాటల్లో చెప్పాను. ఆ వెల్డింగ్ నాది కాదు. ఆ రోజు నేను ఎయిర్‌పోర్టులో ఉన్నాను. అన్న కళ్ళు కనిపించక చేశాడు.

"నా కొడుక్కి తెలుసా?"

"తెలుసు మామా. మొదటి రోజు నుంచీ."

కారు పక్కకు ఆపమంది. ఆపాను. అబాయా అంచుతో ముక్కు తుడుచుకుంది. ఏడుస్తోందో లేదో చూడలేదు. అప్పుడు అంది: "నాలుగు నెలలు ప్రతి నమాజులోనూ నిన్ను తిట్టుకున్నాను. అల్లా దగ్గర తిట్టుకున్నాను. నా చేత ఆ పని మీరు ముగ్గురూ కలిసి చేయించారు. అతను చెప్పలేదు, వాడు చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు."

నేను ఆమె పక్షాన ఉన్నాననుకుంటూ చెప్పాను. ఆమె లెక్కలో నేను కూడా వాళ్ళలో ఒకణ్ణే. కారు మళ్ళీ స్టార్ట్ చేశాను.

ఆ సాయంత్రం హాల్లో తల్లీకొడుకుల మాటలు గట్టిగా వినిపించాయి. రెండు రోజుల తర్వాత బాబా రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టి, నా వైపు చూడకుండా బల్ల మీద పెట్టాడు. నేను ఇల్లు వదిలే రోజు కారు ఎక్కేటప్పుడు మామా నా చెయ్యి పట్టుకుంది. అదొక్కసారే. ఆ ఎర్ర కారు ఆమె మళ్ళీ ఎక్కలేదు. బాబా దాన్ని ఎగ్జిబిషన్లకు తిప్పుతున్నాడని, వెనక భాగం గురించి అందరూ అడుగుతారని విన్నాను.

ఏడాది తర్వాత సెలవు మీద ఊరికి వచ్చాను. కొత్త చోట పడవల షెడ్డులో వెల్డింగ్ పని, బాగానే ఉంది. పది రోజులు ఇంట్లో గడిపాక, ఎవరికీ చెప్పకుండా రాయచోటి బస్సెక్కాను. ఎందుకు వెళుతున్నానో తెలియదు. తిట్టాలని అనుకున్నానేమో. బస్టాండులో దిగగానే, రోడ్డు అవతల నుంచే అన్న నన్ను గుర్తుపట్టాడు. ఆపరేషన్ బాగా జరిగింది. నల్ల అద్దాలు కూడా తీసేశాడు.

ఇంట్లో వదిన దోసెలు వేసి పెట్టింది. నన్ను ఎప్పుడూ చూడకపోయినా కొత్త మనిషిలా చూడలేదు. "నీ గురించే సెప్తాడు నాయనా ఎప్పుడూ. ఆ కారుకు వెనక సామానంతా నువ్వే అట్టముక్కలు కత్తిరించి చేసినావంట కదా. మావోని మాదిరి పనోణ్ణి కువైట్‌లో సూడల్యా అంటాడు ఊరోళ్ళందరితో," అంది.

చేతిలోని దోసె ముక్క పళ్ళెంలో పెట్టేశాను. నీళ్ళు తాగాను. నాకు ఆ మాట కావలసిన రోజు ఆయన ఇంకోలా చెప్పాడు. ఎవరికీ అవసరం లేని చోట, ఎవరూ ఏమీ చేయలేని చోట, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడు. అన్న మాత్రం తల వంచుకుని తింటున్నాడు.

మధ్యాహ్నం బస్సు ఎక్కించడానికి తోడు వచ్చాడు. ఎండలో ఇద్దరం నిలబడ్డాం. బస్సు వస్తుంటే అడిగాడు: "కోపం పోయిందారా?"

అబద్ధం చెబితే ఇద్దరికీ సులువయ్యేది. "పోలే అన్నా," అన్నాను.

"ఊ," అన్నాడు. తల ఊపాడు. బస్సు ఆగాక నాకంటే ముందు తనే ఎక్కి, కండక్టర్‌తో, "మావోడప్పా, దూరం పోవాల. కిటికీ పక్కన కూసోబెట్టు," అని చెప్పి దిగిపోయాడు.

నేను కిటికీ పక్కన కూర్చున్నాను.